ఏడో మంచం దగ్గర నా గొంతు

జూలై 3, సముద్రపు కట్ట తెగిన నలభై ఒకటో ఏడు

ఈ రోజు నుంచి పద్దెనిమిదో తేదీ దాకా ఏ రోజుది ఆ రోజే రాయాలని నిర్ణయించుకున్నాను. పద్దెనిమిదిన ఆసుపత్రి కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి. జ్ఞాపకాన్ని నమ్ముకుని సాక్ష్యం చెప్పేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

జరిగింది ఇది. పోయిన నెల ఇరవై ఒకటిన, పగలు పదకొండు దాటాక, మా కొత్తలంక ఆసుపత్రిలో ఏడో మంచం మీద ఉన్న నాంచారయ్యకు ఊపిరి అందలేదు. ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం జారిపోయింది. మంచం పక్కన ఊపిరీ గుండే కనిపెట్టే యంత్రం ఆరుసార్లు పిలిచింది. నర్సు సలోమి అదే హాలులో, నాలుగు మంచాల అవతల ఉంది. ఆమె చూసేసరికి ఏడు నిమిషాలు గడిచాయి. నాంచారయ్యకు ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పడిపోయింది, మాటలు తారుమారయ్యాయి. పడవ పలకల సందుల్లో దూది కుక్కి తారు పూసే చెయ్యి అది. ఈ ఊళ్లో నీళ్ల మీద తేలే ఇళ్లన్నిటికీ ఆ చెయ్యి పని చేసింది, మా ఇంటి అడుగుతో సహా.

యంత్రం పిలిచిన గొంతు నాది.

యంత్రాలు కూతలు పెట్టకూడదని చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రోజంతా ఒకే కూత విని చెవులు మొద్దుబారి, రోగులు చేజారుతున్నారని, యంత్రం మనిషి గొంతుతోనే పిలవాలన్నారు. ఆ గొంతు ఊరు ఎరిగినదై ఉండాలి. ఇచ్చిన మనిషి బతికి ఉండాలి. ఎంత తగ్గితే పిలవాలి, ఎంత పెరిగితే పిలవాలి అన్న హద్దుల కాగితం మీద డాక్టరుతో పాటు ఆ మనిషీ సంతకం పెట్టాలి. గొంతు ఎవరిదో పూచీ వాళ్లది. ముప్పై నాలుగేళ్లు ఇక్కడి బడిలో లెక్కలు చెప్పిన హైమవతి టీచరు గొంతు తెలియని ఇల్లు కొత్తలంకలో లేదు కాబట్టి, పదవి దిగిన ఏడాదే వచ్చి అడిగారు. ఇచ్చాను. గర్వంగానే ఇచ్చాను.

ఇప్పుడు మంచినీళ్ల వరసలో నిలబడితే వెనకాల మాటలు వినబడుతున్నాయి. టీచరుగారు పిలిచినా పలకలేదట, ఆరుసార్లు పిలిచిందట పాపం, అని. ఆ పాపం నన్ను చూసి. తల ఎత్తి బిందె పట్టుకోలేకపోయాను. ముప్పై నాలుగేళ్లలో నా చేత రెండోసారి పిలిపించుకున్న పిల్ల లేదు.

ముప్పయ్యో తేదీన కమిటీ ముందు నేను చెప్పిన మాట ఇక్కడ రాసి పెడుతున్నాను: పిలుపులో లోపం లేదు, వినడంలో ఉంది. మరో మాట కూడా అన్నాను. ఆ ఏడు నిమిషాల మధ్యలో ఎవరో యంత్రం మీద మౌనం మీట నొక్కారు. అది నొక్కితే రెండు నిమిషాలు యంత్రం మాట్లాడదు. సలోమి మూడో మంచానికి వెళుతూ ఏడో మంచం పక్కనుంచే నడిచింది. పిలుపు వినబడలేదనీ, నొక్కినట్టు తనకు గుర్తు లేదనీ అంది. చేత్తో చేసిన పని గుర్తు లేకపోవడం ఏమిటి, అబద్ధం అన్నాను, అందరి ముందూ.

సలోమి నా దగ్గర చదువుకున్న పిల్లే. ఆరో తరగతి లెక్కల్లో యాభై ఎనిమిది. అప్పుడు కూడా పరధ్యానమే.

జూలై 4

కమిటీ నన్ను వార్డులో కూర్చుని చూడమంది. రోజూ ఉదయం ఎనిమిది నుంచి రెండు దాకా. రేపటి నుంచి వెళ్లాలి.

పొద్దున మా వకుళ పని చూశాను. వకుళ నా కూతురి కూతురు, ఆసుపత్రి యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగం. ఇక్కడి గాలిలో ఉప్పు. వేలికి తగిలించే క్లిప్పుల లోపల రాత్రికి రాత్రే తెల్లటి పొర కడుతుంది. దాన్ని స్పిరిటు గుడ్డతో తుడవాలి. ఛాతీ మీద అంటించే స్టిక్కర్లు నెలకోసారి సరుకు పడవలో వస్తాయి, వచ్చినవి పది రోజులకు చాలవు. అందుకని వాడినవాటినే కడిగి, ఆరబెట్టి, కలబంద గుజ్జు రాసి మళ్లీ అంటిస్తారు. అవి సరిగా పట్టవు. ఊడితే యంత్రం గుండె ఆగిందనుకుంటుంది. ఊరికే ఉండదు, నా గొంతుతో ఆ మాట అంటుంది.

వాకిట్లో కూర్చుని కలబంద చీలుస్తూ వకుళ అడిగింది. "అమ్మమ్మా, ఆ హద్దుల కాగితం ఈ ఏడన్నా మారుస్తావా?"

రెండేళ్ల కిందట ఇదే అడిగింది. ఆక్సిజన్ తొంభై ఐదుకు తగ్గితే పిలవాలని నేను పట్టుబట్టాను. ఊపిరితిత్తుల రోగులు కొందరు తొంభై ఒకటిలోనే ఏళ్ల తరబడి హాయిగా ఉంటారని, మనిషిని బట్టి హద్దు పెడదామని డాక్టరూ తనూ అన్నారు. నా బడిలో ముప్పై ఐదుకి పాసు లేదు, యాభై వస్తేనే పై తరగతికి పంపేదాన్ని అన్నాను. అంకె తగ్గగానే పిలవకుండా పదిహేను సెకన్లు ఆగి, అప్పటికీ తగ్గే ఉంటే పిలిచేలా పెడదామంది వకుళ. మనిషి ఇటు నుంచి అటు తిరిగినా వేలి క్లిప్పు ఒక క్షణం తప్పు చూపిస్తుందట. ఆ వాక్యం నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. పక్కన రాసిన మాట కూడా గుర్తుంది: ఆలస్యాన్ని అలవాటు చేయరాదు.

ఈ రోజు వకుళకు అదే జవాబు చెప్పాను. ఒక మనిషి చెయ్యి పడిపోయాక హద్దులు సడలించమంటావా అన్నాను.

"సడలించడం కాదు అమ్మమ్మా," అని మళ్లీ కలబంద చీలుస్తూ కూర్చుంది. మా అమ్మాయి పిల్లలకు నాతో వాదించే అలవాటు లేదు. అది మంచి పెంపకమని అనుకునేదాన్ని.

జూలై 5

వార్డులో మొదటి రోజు.

మొత్తం ఇరవై నాలుగు మంచాలు. ఆరు గంటల్లో యంత్రాలు నా గొంతుతో రెండు వందల పన్నెండు సార్లు మాట్లాడాయి. నర్సు నిజంగా చెయ్యవలసిన పని ఉన్నవి తొమ్మిది. మిగతావన్నీ ఊడిన స్టిక్కరు, వంగిన వేలు, తొంభై నాలుగు దగ్గర స్థిమితంగా కూర్చుని టీ తాగుతున్న ముసలాయన. లెక్క రెండుసార్లు సరిచూశాను. తొమ్మిదే.

పన్నెండున్నరకు సముద్రం పోటు తగ్గి పాటు మొదలైంది. ఆసుపత్రికి కరెంటు పోటుపాట్ల మీద వచ్చేదే కాబట్టి, నీళ్లు నిలకడగా ఉన్న ఆ కాసేపు యంత్రాలు బ్యాటరీ మీదికి మారతాయి. మారినప్పుడు ఆ సంగతి చెప్పాలని నేనే రాయించాను. ఇరవై నాలుగు యంత్రాలూ ఒక్కసారిగా "బ్యాటరీ మీద నడుస్తున్నాను, గమనించండి" అన్నాయి. ఇరవై నాలుగు నేనులు. ప్రార్థన గంటకు బడి వరండాలో నిలబడి నేను అరిచే అరుపు అది. నర్సులెవరూ తల తిప్పలేదు. ఒకామె మాత్ర విరిచి రోగి నోట్లో వేస్తూ, పెదవులు కదుపుతూ ఆ వాక్యం నాతో పాటే పలికింది. వెటకారానికి కాదు. పలుకుతున్నట్టు ఆమెకే తెలియదు.

నా గొంతుకు జవాబు చెప్పే మనిషి హాలు మొత్తంలో ఒక్కరే ఉన్నారు. నాంచారయ్య భార్య తిరుపతమ్మ. ఏ మంచం దగ్గర యంత్రం పిలిచినా అటు తిరిగి, చేతులు కట్టుకుని, "ఆ, వస్తన్నారండి టీచరుగారూ, వస్తన్నారు" అంటుంది. నన్ను చూసి కొయ్యబారిపోయింది. యంత్రంలో ఒకరున్నారు, కుర్చీలో ఒకరున్నారు, ఎవరికి దణ్ణం పెట్టాలో ఆమెకు తోచలేదు. చివరికి యంత్రానికే పెట్టింది.

సలోమిని విచారణ తేలేదాకా నర్సు పనిలోంచి తప్పించి, స్టిక్కర్లు కడిగే పనికి వేశారు. ట్రే పట్టుకుని రెండుసార్లు నా ముందు నుంచి వెళ్లింది. "బాగున్నారా టీచరుగారూ" అంది. నేను తల ఊపాను. ఆ పిల్ల లైసెన్సు పోతే వాళ్లింట్లో వేరే సంపాదన లేదని వకుళ చెప్పింది. అది నాకు సంబంధం లేని విషయమని నేను వకుళతో అన్నాను.

జూలై 7

ఈ రోజు నూట తొంభై ఎనిమిది. పనికొచ్చినవి పదకొండు.

ఒక విషయం రాయాలి. మొదటి రోజు నా గొంతు వినబడ్డ ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. ఈ రోజు మధ్యాహ్నానికి ఉలికిపాటు లేదు. లెక్క మాత్రం తప్పలేదు.

తిరుపతమ్మ మొగుడికి మాటలు నేర్పుతోంది. గ్లాసు చూపించి ఏమిటిది అంటే నాంచారయ్య తెడ్డు అన్నాడు. ఆమె నవ్వి, "తెడ్డేలే, తాగు" అంది. తప్పు దిద్దబోయి ఆగాను. ఎందుకు ఆగానో తెలియదు.

జూలై 9

ఈ రోజు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వాక్యాలు చిన్నగా రాస్తాను.

పదకొండు దాటింది. నా కుర్చీ ఏడో మంచానికి ఆనుకుని ఉంది. తిరుపతమ్మ గంజి తెచ్చుకోవడానికి వంటశాలకు వెళ్లింది. నేను నిన్నటి లెక్క కూడుతున్నాను. ఒక వరసలో రెండు తేడా వచ్చింది. అది పట్టుకోవాలని మళ్లీ మొదటినుంచి కూడుతున్నాను.

నా ముందు ఎవరో గబగబా వంగారు. సలోమి. చేతిలో ట్రే నేల మీద పడేసింది. గోడ దగ్గర ఊడిపోయిన గొట్టాన్ని పట్టుకుని తిరిగి బిగించింది. నాంచారయ్య తల ఎత్తి పట్టుకుంది. అతని పెదవులు నీలంగా ఉన్నాయి. యంత్రం మీద డెబ్భై తొమ్మిది అన్న అంకె ఉంది. అది ఎనభై అయింది, ఎనభై ఆరు అయింది, తొంభై దాటింది. అతనికి ఏమీ కాలేదు.

ఏమైంది, యంత్రం ఎందుకు పిలవలేదు అని నేను అడిగాను. కోపంగానే అడిగాను.

సలోమి నా వంక చూడలేదు. అతని వీపు నిమురుతూ నెమ్మదిగా చెప్పింది. "పిలిచిందండి. రెండుసార్లు. తర్వాత మీరు దాని నోరు నొక్కేశారు."

నేను కాదన్నాను. నా కుడి చేతిలో కలం ఉంది. ఎడమ చెయ్యి ఎక్కడుందా అని చూసుకున్నాను. యంత్రం అంచు మీద ఉంది. వేలు మీట పక్కనే ఉంది.

నాకు ఏ పిలుపూ వినబడలేదు. నొక్కినట్టు గుర్తు లేదు.

సలోమి నేల మీద చెదిరిన స్టిక్కర్లు ఏరుకుంది. అందులో కొన్ని దుమ్ము పట్టాయి, మళ్లీ కడగాలి. పెద్దనర్సు వచ్చి ఏమిటా చప్పుడు అని అడిగితే, ట్రే జారిందమ్మా అని చెప్పింది.

నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను ఆ వాక్యం చెప్పలేదు. పెద్దనర్సు వెళ్లిపోయేదాకా లెక్క కూడుతున్నట్టు తల దించుకున్నాను. గుర్తులేదన్న పిల్లను అందరి ముందూ అబద్ధాలకోరు అన్నదాన్ని నేను.

జూలై 10

వార్డుకు వెళ్లలేదు. జ్వరం అని కబురు పంపాను. జ్వరం లేదు.

బడి ఎగ్గొట్టడానికి జ్వరం అని చెప్పిన పిల్లల నుదురు ముట్టుకుని చూసి, తిరిగి తరగతికి పంపేదాన్ని. ఈ రోజు నా నుదురు ముట్టుకుని చూసేవాళ్లు లేరు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన వకుళ కంచం ముందు కూర్చుని తినకుండా కెలుకుతోంది. యంత్రాల్లో ఏ మీట ఎప్పుడు నొక్కారో తన దగ్గర పడుతుంది. అది నాకు తెలుసు. తనకు తెలిసిందనీ నాకు తెలుసు.

"అమ్మమ్మా, నిన్న పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి ఏడో మంచం దగ్గర నువ్వొక్కదానివే ఉన్నావు."

అవునన్నాను.

"సలోమక్క ఏమీ చెప్పలేదు. ఎవరికీ. నేనడిగినా చెప్పలేదు."

అవునన్నాను మళ్లీ.

వకుళ మెతుకులు కెలుకుతూనే, "నాకు తెలుసమ్మమ్మా, నువ్వు కావాలని చెయ్యవు" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. సలోమి గురించి ఆ మాట నేను అనలేదు. నా మనవరాలు నా గురించి అనగలిగింది.

ఇంట్లో కూడా అంతేనా అని అడిగాను. నేను పిలిస్తే నీకు వినబడుతుందా అన్నాను.

వకుళ కంచంలోకే చూస్తూ చెప్పింది. "నీళ్లు కట్టేయి, గొళ్ళెం పెట్టు, జడ వేసుకో, చెప్పులు తుడువు. పొద్దున్నుంచి ఎన్నిసార్లో. ఏదో ఒకటి చేసేస్తుంటా. ఏది విని చేశానో నాకు తెలీదు అమ్మమ్మా. ఆ మధ్య నువ్వు వంటింట్లో జారిపడ్డావు చూడు, ఆ రోజు నాలుగుసార్లు పిలిచానన్నావు. నేను పక్క గదిలోనే ఉన్నా."

ఆ రోజు నేను తనను తిట్టాను. తను ఏడుస్తూ నా కాలికి కట్టు కట్టింది. సలోమిలాగే తనూ వినబడలేదనే అంది. ఇద్దరిలో ఎవరినీ నేను నమ్మలేదు.

జూలై 13

కమిటీ కంటే ముందు చెప్పవలసిన చోటు ఒకటుంది. ఈ రోజు వెళ్లాను.

తిరుపతమ్మ మంచం పక్కన చాప మీద కూర్చుని ఉంది. నేనూ కింద కూర్చున్నాను. ఆమె కంగారుపడి కుర్చీ తెస్తానంటే వద్దన్నాను. తొమ్మిదో తేదీన జరిగింది చెప్పాను. మీట నొక్కింది నేనని చెప్పాను. ఇరవై ఒకటిన మీ ఆయనకు జరిగినదానిలో సలోమి తప్పు కంటే నా తప్పు పెద్దదని, రోజుకు రెండు వందలసార్లు ఊరికే పిలిచేలా చేసింది నేనేనని చెప్పాను. చెప్పడానికి ముందు ఇంట్లో వాక్యాలు సరిచేసుకున్నాను. అక్కడ ఒక్కటీ సరిగా రాలేదు.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నేనుంటే జవాబు చెప్పేదాన్ని గదండి," అంది. "రోజూ చెప్తానే ఉన్నా. ఆ రోజు కూడా గంజికే పోయా. వంటశాలలో ఆలీసం అయింది. నేనిక్కడుంటే మీరు పిలిచిన మొదటిసారే లేసేదాన్ని. అప్పట్నించి నా మనసు పీకుతానే ఉందండి, మీరు పిలిచినప్పుడు లేకపోతినే అని."

ఆ ఏడు నిమిషాల బరువు ఇన్నాళ్లూ ఈవిడ కూడా మోస్తోంది. అటు స్టిక్కర్లు కడుగుతూ సలోమి మోస్తోంది. పంచిపెట్టింది నేను. నా చేతిలో మాత్రం ఏమీ ఉంచుకోలేదు.

తప్పు మీది కాదమ్మా అన్నాను. ఒక్కసారే అన్నాను. మళ్లీ అంటే అది కూడా వినబడకుండా పోతుందేమోనని భయం వేసింది.

నాంచారయ్య ఎడమ చేత్తో గ్లాసు నా వైపు జరిపి, "తెడ్డు" అన్నాడు. తాగమని. తాగాను.

జూలై 18

విచారణ.

కమిటీ పెద్ద డాక్టర్ రహమతుల్లాగారు. నర్సులందరినీ వెనక బెంచీల మీద కూర్చోబెట్టారు. నేను ముప్పయ్యో తేదీన చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, తొమ్మిదో తేదీన జరిగింది చెప్పాను. పెద్దనర్సు అడిగినప్పుడు నోరు మూసుకున్న సంగతీ చెప్పాను, పదో తేదీ జ్వరం సంగతీ చెప్పాను. హద్దుల కాగితం తెచ్చి, ఎర్ర సిరాతో నేను కొట్టేసిన వాక్యం పైకి చదివాను. ఇరవై నాలుగు యంత్రాల్లోంచి నా గొంతు తీసేయమన్నాను.

డాక్టరుగారు ఇబ్బందిగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన మర్యాదస్తుడు. లోపల మాట్లాడుకుందాం, ఇంత దూరం అక్కర్లేదు అన్నారు. సలోమికి మందలింపుతో సరిపెడదామని, నా పేరు ఎక్కడా రాకుండా హద్దులు నెమ్మదిగా మార్చుకుందామని అన్నారు. "మీరే ఇట్టా మాట మారిస్తే, రేపు మీ గొంతు మీద ఎవరికి నమ్మకం ఉంటుంది మేడమ్?"

"ఇప్పుడు మాత్రం ఎవరికుంది డాక్టరుగారూ," అన్నాను.

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఇంకొకరు ఆపుకోలేకపోయారు. అందులో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. నవ్వినవాళ్లను నిలబెట్టాలనిపించలేదు.

సలోమిని ఏమన్నా చెప్పుకుంటావా అని అడిగారు. లేచి నిలబడింది. బడిలో నిలబడినట్టే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"టీచరుగారి గొంతు నాకు ఆరో క్లాసు కాణ్ణించి తెలుసండి. పొద్దున బెల్లు కాడ మొదలు. లైను సరిగ్గా నిలబడండి, గోళ్లు చూపించండి, మార్జిను కొట్టలేదేం. అంతమందిలో ఎవర్ని అంటన్నారో తెలిసేది కాదు. అందుకని మేం ఒక పని నేర్చుకున్నాం. ఆవిడ వంకే చూస్తా, వినకుండా ఉండటం. వార్డులోకి వచ్చాక కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేకపోయింది. ఆ రోజు నిజంగా నాకు వినబళ్లేదండి. అట్టా అని నాంచారయ్య మావ చెయ్యి పడిపోయిన తప్పు నాది కాదని అనను. నేనే అక్కడున్నా."

ఆమె కూర్చోలేదు.

"గొంతు మొత్తం తీసెయ్యొద్దండి," అంది. "ఒక్క మాట ఉంచండి. మా నాన్న సముద్రంలో పోయిన రోజు టీచరుగారు క్లాసు గుమ్మంలోకొచ్చి నన్ను పిలిచారు. సలోమీ, ఇలా రామ్మా, అన్నారు. నెమ్మదిగా. చదివిన ఐదేళ్లలో అట్టా పిలిచింది ఆ ఒక్కసారే. క్లాసంతా తలెత్తింది. ఆ పిలుపుకైతే నేను ఇప్పటికీ లేస్తాను. ఏ నిద్దట్లో ఉన్నా లేస్తాను. ప్రాణం పోయేటప్పుడు మట్టుకు యంత్రం అట్టా పిలిస్తే చాలు."

డాక్టరుగారు నా వంక చూశారు. నాకు ఆ రోజు గుర్తు లేదు.

యాభై ఎనిమిది మార్కులు గుర్తున్నాయి. ఏ లెక్కలో ఎన్ని తప్పులో కూడా చెప్పగలను. తండ్రి పోయిన పిల్లను పిలిచింది గుర్తు లేదు. ఆ సంగతి అక్కడే, పైకే చెప్పాను. సలోమి, "మీకు గుర్తుండకపోయినా ఫర్లేదండి, నాకు ఉంది" అని కూర్చుంది.

సలోమి లైసెన్సు రద్దు చెయ్యబోమని కమిటీ చెప్పింది. ఏడు నిమిషాలు ఆలస్యం జరిగిన మాట మాత్రం రికార్డులో ఉంటుంది, నా పేరూ దాని పక్కన ఉంటుంది. సోమవారం నుంచి ఆమె వార్డులో ఉంటుంది.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర సలోమి చెయ్యి అందించింది. పాటు సమయం, మెట్లు నాచు పట్టి ఉన్నాయి. పట్టుకుని దిగాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె నా తడబాటు చూసి, జాగర్త, ఆ మెట్టు ఊగుద్ది అంది.

జూలై 19

ఇక జరగవలసినవి.

1. ముప్పయ్యో తేదీన సలోమిని నేను అబద్ధాలకోరు అన్నప్పుడు ఎవరెవరు విన్నారో, వాళ్లందరి ముందూ ఆమెను నేను క్షమాపణ అడగాలి. నిన్న సాక్ష్యం చెప్పాను, క్షమాపణ అడగలేదు. రెండూ ఒకటి కాదు. సోమవారం ఉదయం నర్సులు డ్యూటీ మారే వేళకు వెళతాను.

2. హద్దులు మనిషిని బట్టి ఉండాలి. రోజూ డాక్టరు చూడటానికి వచ్చినప్పుడే ప్రతి మంచానికీ అవి సరిచూడాలి. ఎర్ర సిరాతో కొట్టేసిన పదిహేను సెకన్ల వాక్యం తిరిగి చేర్చాలి. ఆ కాగితం మీద నా సంతకం కింద వకుళ సంతకం ఉండాలి.

3. ఊడిన స్టిక్కరు, వంగిన వేలు, బ్యాటరీ, పోటు, పాటు, వీటికి గొంతు అక్కర్లేదు. వకుళ బల్ల మీద దీపం వెలిగితే చాలు. సరుకు పడవ పెద్దలకు స్టిక్కర్ల సంగతి నేను వెళ్లి చెప్పాలి. కలబందతో ఇంకో ఏడాది నెట్టుకురాలేము.

4. రోజూ రెండు గంటలకు నాంచారయ్య దగ్గర కూర్చుని మాటలు పలికించాలి. తిరుపతమ్మ ఒప్పుకుంది. షరతు పెట్టింది: అతను తప్పు పలికినప్పుడు తప్పు అనకూడదు.

5. ఇంట్లో ఏ మాటైనా ఒక్కసారే చెప్పాలి. ఈ ఉదయం వకుళతో గొళ్ళెం గురించి మూడుసార్లు అన్నాను. లెక్క పెట్టింది తనే.

6. నెలాఖరులోగా యంత్రాల్లోంచి నా పాత మాటలన్నీ తీసేసి, ఒక్క మాట రికార్డు చేయాలి. ఎవరి డ్యూటీ అయితే వాళ్ల పేరు, తర్వాత "ఇలా రామ్మా". నిన్న సాయంత్రం నుంచి చెబుతున్నాను. ఈ మధ్యాహ్నానికి పద్నాలుగు సార్లయింది. వకుళ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విని, పద్నాలుగు సార్లూ తల అడ్డంగా ఊపింది. పద్నాలుగింటిలోనూ నేను గోళ్లు చూపించమంటున్నట్టే ఉందట. సోమవారం సలోమిని క్షమాపణ అడిగాక, అక్కడే మళ్లీ చెప్పి చూడాలి.